పక్కన పెట్టిన సరుకు

మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్ అవతల ఒక సందు. బుడమేరు కట్ట మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం. నాకు 60 ఏళ్ళు. కుండలు చేస్తాను. 2024 సెప్టెంబరు 1న మా ఇంట్లోకి వచ్చిన నీళ్ళు పదో తారీఖుకు గానీ పూర్తిగా పోలేదు. ఎవరైనా అడిగితే చెప్పబోతాను, సగంలో గొంతు పట్టేస్తుంది. మా అబ్బాయి రాసి పెట్టమన్నాడు. జరిగింది జరిగినట్టు వరుసగా రాస్తున్నాను.

శనివారం రాత్రంతా వాన. వినాయక చవితి 7వ తారీఖున. షెడ్డులో 412 వినాయకులు ఎండి అమ్మకానికి సిద్ధంగా ఉన్నాయి. వినాయకుణ్ణి మేం కాల్చం. నీళ్ళలో కరగాలి కాబట్టి పచ్చిమట్టితో చేసి, నీడన ఆరబెట్టి, అలాగే ఇస్తాం. ఏడాదిలో నాలుగు డబ్బులు కళ్ళబడేది ఆ వారం, మళ్ళీ దీపావళి వారం. మట్టి తోలిన ట్రాక్టరు బాకీ కూడా చవితికి తీరుస్తానని చెప్పి ఉన్నాను.

ఆదివారం పొద్దున ఏడింటికి వీధిలో చీలమండ లోతు నీళ్ళు. 2005లోనూ బుడమేరు పొంగింది. అప్పుడు మా గడప దాకా వచ్చి వెనక్కి పోయింది. ఇప్పుడూ అంతేననుకున్నాను. తొమ్మిదింటికి మోకాళ్ళ దాకా వచ్చాయి. "ఎదురింటివాళ్ళు పైకి రమ్మంటున్నారు, పోదాం పదండి" అంది మా ఆవిడ. నేను వినలేదు. వినాయకుల్ని కింది పలకల మీంచి మంచం మీదికి, మంచం మీంచి బీరువా మీదికి ఎక్కించడం మొదలెట్టాను. తనూ నాతో సమానంగా మోసింది. తనకు పదిహేనేళ్ళుగా షుగరు. రోజుకు రెండు పూటలా ఇన్సులిన్. అలాంటి మనిషి ఒట్టి కాళ్ళతో మురికినీళ్ళలో నిలబడకూడదని నాకు తెలుసు. తెలిసీ రెండు గంటలు నిలబెట్టాను. పాదానికి ఏదో గీసుకుంది. పైకి వెళ్ళాక గానీ ఇద్దరం చూసుకోలేదు.

పదకొండింటికి నడుము దాటాయి. బీరువా కదిలి పక్కకు ఒరిగింది. దాని మీదున్న బొమ్మలన్నీ నీళ్ళలో పడ్డాయి. బాగా ఎండిన పచ్చిమట్టి నీళ్ళలో పడితే, తడి ఆరని మట్టి కంటే తొందరగా విచ్చిపోతుంది. సన్నగా బుడగలు వస్తాయి. చెవులు ముందు ఊడతాయి, తర్వాత తొండం. నేను అలా చూస్తూ నిలబడిపోయాను. మా ఆవిడ చెయ్యి పట్టి లాగింది.

ఇన్సులిన్ డబ్బా తను తీసుకుంది. నేను ఏమీ తీసుకోలేదు. బియ్యం లేదు, కాగితాలు లేవు, ఫోను చార్జరు లేదు. ఎదురింటి మేడ మీంచి తాడు వేశారు. మా వీధి వెడల్పు 15 అడుగులు. నాకు ఈత రాదు. దాటుతున్నప్పుడు తన్ని నేను పట్టుకున్నానని అందరూ అనుకున్నారు. నేనే తన భుజం పట్టుకుని వేలాడాను.

మేడ మీద రెండు గదులు. పద్నాలుగు మందిమి చేరాం. ఆ ఇంటావిడ నన్ను బాబాయ్ అంటుంది, నేను అమ్మాయ్ అంటాను. ఇరవై ఆరేళ్ళుగా ఎదురెదురుగా ఉంటున్నా వాళ్ళింట్లో నేను మంచినీళ్ళు తాగింది తక్కువ. ఆ రోజు నుంచి నాలుగు రోజులు మా తిండి, మా పడక, మా మానం అన్నీ ఆవిడ చేతిలోనే ఉన్నాయి. మరుగుదొడ్డి ఒక్కటే. ట్యాంకు నీళ్ళు లెక్కపెట్టి వాడుకోవాలి. నాకు రాత్రుళ్ళు నాలుగుసార్లు లేవాల్సి వస్తుంది. ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడి మొదటిరోజు సాయంత్రం నుంచి నీళ్ళు తాగడం మానేశాను.

పైన బుడమేరు మళ్ళింపు కాలువకు మూడుచోట్ల గండ్లు పడ్డాయని తర్వాత తెలిసింది. కృష్ణ కూడా నిండుగా ఉంది. ప్రకాశం బరాజ్ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, అంతకుముందెప్పుడూ అంత రాలేదట. బుడమేరు నీళ్ళకు పోయే దారి లేక ఊరి మీద పడ్డాయి. మాకు ముందుగా వచ్చి చెప్పినవాళ్ళెవరూ లేరు.

ఆ రాత్రి కరెంటు లేదు. వాన ఆగింది. అందరూ పడుకున్నాక కింద నుంచి చప్పుడు మొదలైంది. డొక్కు, డొక్కు. కాసేపు ఆగి మళ్ళీ డొక్కు. మా షెడ్డులో కాలిన కుండలు నీళ్ళ మీద తేలి ఒకదానికొకటి తగులుకుంటున్నాయి. వెనకగోడ వారన పేర్చి ఉన్న పాత కుప్ప లేచిందని అర్థమైంది. రేకుల కప్పుకు కూడా తగులుతున్నట్టు వినపడింది. అంటే నీళ్ళు కప్పు దాకా వచ్చాయా అని లేచి చూశాను. చీకట్లో ఏమీ కనపడలేదు. 1977 ఉప్పెన గుర్తొచ్చింది. అప్పటికి నాకు పదమూడేళ్ళు. మాది దివిసీమ. ఆ రాత్రి నేనూ మా నాన్నా బడి మిద్దె మీద ఉన్నాం. ఆ సంగతి పెళ్ళయ్యాక మా ఆవిడకు కూడా నేను సరిగా చెప్పలేదు. తెల్లవారుజామున కుండల చప్పుడు తగ్గింది. మా కుండలకు గాజు పూత ఉండదు, నీళ్ళు మెల్లగా ఇంకుతాయి. బరువెక్కి ఒక్కొక్కటీ మునిగాయి.

సోమవారం. మనిషికి నాలుగు బిస్కెట్లు, పిల్లలకు పాలు. ఫ్రిజ్ ఆగిపోయింది కదా, ఇన్సులిన్ పాడైపోతుందని మా ఆవిడ భయపడింది. ఎదురింటమ్మాయి వంటింట్లోంచి పాత కూజా తెచ్చింది. అడుగున కొంచెం నీళ్ళుంచి, సీసాను ప్లాస్టిక్ కవరులో చుట్టి, దారం కట్టి నీళ్ళకు తగలకుండా లోపలికి దించింది. పైన తడిగుడ్డ చుట్టింది. వాడుతున్న సీసా నెల దాకా మామూలు గది వేడికి బయట ఉన్నా ఫరవాలేదని తర్వాత డాక్టరు చెప్పారు. ఆ రోజు మాకది తెలియదు. ఆ కూజా నేను చేసిందేనని కూడా అప్పుడు గమనించలేదు.

ఆ రాత్రి జరిగింది రాయడం కష్టంగా ఉంది. ఎప్పుడూ తనకు సూది వేసేది నేనే. నాకు తెలిసింది ఒకటే, సూది మానకూడదు. రోజూ వేసే మోతాదే వేశాను. తను పొద్దుటి నుంచి తిన్నది బిస్కెట్లే. పదకొండింటికి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. జాకెట్టు తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. "ఆవం మూశారా, వాన వస్తోంది" అంటోంది. కుండలు కాల్చే ఆవం సంగతి, ఇరవై ఏళ్ళ కింద అనాల్సిన మాట. నేను తన్ని పట్టుకుని ఊపాను, అరిచాను. ఏం చెయ్యాలో తెలియలేదు. ఎదురింటమ్మాయి నన్ను పక్కకు నెట్టింది. గ్లాసులో చక్కెర కలిపి కొంచెం కొంచెంగా తాగించింది. మింగుతోందా లేదా అని ప్రతి గుక్కకూ చూసింది. పావుగంటకు మా ఆవిడ నన్ను గుర్తుపట్టింది. నేను మూలన కూర్చుని ఏడ్చాను. పద్నాలుగు మందీ చూశారు.

ఇది చదివేవాళ్ళ ఇళ్ళల్లోనూ ఇన్సులిన్ వేసుకునే మనిషి ఉండొచ్చు. తిండి తగ్గిన రోజు మోతాదు ఎంత వెయ్యాలో ముందే డాక్టరును అడిగి పెట్టుకోండి. చక్కెర చేతికందేచోట ఉంచండి. మనిషికి స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకండి. నేను పదిహేనేళ్ళు సూది వేశాను గానీ ఇవి ఎన్నడూ అడగలేదు.

మంగళవారం హెలికాప్టరు తిరిగింది. డ్రోన్లతో పెద్ద వీధుల్లో పొట్లాలు వేశారు. మా సందు ఇరుకు, కరెంటు తీగలు కిందికి ఉన్నాయి, మా దాకా రాలేదు. మా వీధికి తాగునీటి క్యాన్లు వేసే కుర్రాడు ఎనిమిది ఖాళీ క్యాన్లు కలిపి కట్టి, దాని మీద పాలప్యాకెట్లు, పులిహోర పొట్లాలు పెట్టుకుని ఈదుకుంటూ వచ్చాడు. ఆ అబ్బాయికి పందొమ్మిదేళ్ళుంటాయి. డబ్బులు తీసుకోలేదు. అతని ఫోనులోనే డాక్టరుతో మాట్లాడాం. మోతాదు తగ్గించి చెప్పారు. మా అబ్బాయితోనూ మాట్లాడాను. హైదరాబాదు నుంచి ఆదివారమే బయల్దేరి, ఐతవరం దగ్గర హైవే మీద నీళ్ళు ఉండటంతో వెనక్కి పోయాడట. "అమ్మ ఎలా ఉంది" అన్నాడు. బాగానే ఉందన్నాను. అది అబద్ధం. పాదం అప్పటికే వాచింది.

బుధవారం మధ్యాహ్నం ఎన్డీఆర్‌ఎఫ్ పడవ వచ్చింది. మా ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి దించారు. పడవ మా ఇంటి ముందునుంచే వెళ్ళింది. షెడ్డు వైపు నేను చూడలేదు. ఆస్పత్రిలో పుండు కడిగి, వేలు తీసేయాల్సి రావచ్చన్నారు. తియ్యలేదు. నెలన్నరకు మానింది. ఆ నెలన్నరా తను నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

చవితి నాడు ఆస్పత్రి వరండాలో కూర్చున్నాను. అదే రోజు గండ్లు పూడ్చారని పేపర్లో వచ్చింది.

పదో తారీఖున అబ్బాయితో కలిసి ఇంటికి వచ్చాను. గోడ మీద ఆరడుగుల ఎత్తున గీత. ఫ్రిజ్ మంచం మీద వెల్లకిలా పడుంది. మోటారు సారె బురదలో కూరుకుపోయింది. వినాయకులున్నచోట నున్నటి మట్టి పొర, దాని మీద డ్రైనేజీ నలుపు. ఆ మట్టి నాదే, అయినా మళ్ళీ సారె మీద పెట్టడానికి పనికిరాదు. గాజుముక్కలు, నూనె కలిసిపోయాయి.

వేరే జిల్లా నుంచి వచ్చిన ఫైరింజను వాళ్ళు వీధి కడుగుతున్నారు. షెడ్డులోకీ గొట్టం పెట్టారు. బురద విడిపోతుంటే కుండల మూతులు పైకి కనపడ్డాయి. ఆపండి ఆపండి అని అరిచాను. గొట్టం పట్టుకున్నాయన ఏమీ అనకుండా ధార తగ్గించి, పైనుంచి వానలాగా పోశాడు. అరగంట అలా పోశాడు. వెనక ఇంకా నాలుగు వీధులు ఉన్నాయి ఆయనకు.

ఆ కుప్ప సంగతి చెప్పాలి. 1986లో నేను ఈ స్థలంలో పని మొదలెట్టాను. అప్పటినుంచి అమ్ముడుపోనివి, వెనక్కి తెచ్చి ఇచ్చినవి, నాకు నచ్చక ఇవ్వనివి వెనకగోడ వారన పేర్చాను. కాలిన కుండను చేత్తో పగలగొట్టడం మా నాన్నకు గిట్టేది కాదు, నాకూ అదే అలవాటైంది. పైన పట్టా కప్పేశాను. పారెయ్యమని మా ఆవిడ ఎన్నేళ్ళుగానో అంటోంది. కొత్తవి పెట్టేటప్పుడు తప్ప నేను పట్టా ఎత్తి చూసింది లేదు. నా మట్టుకు అది తప్పుల కుప్ప.

పదకొండు రోజులు కడిగాను. కొబ్బరిపీచుతో రుద్ది, ఎదురింటి మేడ మీద ఆరబెట్టి, ఒక్కొక్కదాన్నీ వేలి కణుపుతో కొట్టి చూశాను. ఖంగున మోగితే బాగున్నట్టు, బొదబొదమంటే ఎక్కడో పగిలినట్టు. 204 మోగాయి. పచ్చివి అన్నీ పోయాయి, కాలినవి మిగిలాయి. సుమారు 600 డిగ్రీలు దాటి కాలిన మట్టి మళ్ళీ నీళ్ళలో కరగదు. పుట్టినప్పటినుంచీ తెలిసిన సంగతే. అయినా ప్రతి కుండా చేతిలోకి తీసుకున్నప్పుడు అది గట్టిగా ఉండటం చూసి ఆశ్చర్యపోతూనే ఉన్నాను.

కొన్ని ఈ మధ్యవి. మూసలో పోసిన మట్టి సీసాలు, బిర్యానీ చట్టీలు. తర్వాత 2016 పుష్కరాలకు చేసి మిగిలిన చెంబులు. ఒక గోనెసంచిలో టీ కప్పులు. 2004లో రైళ్ళలో మట్టికప్పులు అన్నప్పుడు చేసినవి. కొలతలు సరిగా లేవని ఒక కాంట్రాక్టరు వెనక్కి పంపాడు. ఇరవై ఏళ్ళు అతన్ని తిట్టుకున్నాను. మేడ మీద పిట్టగోడ వెంట వరుసగా పెట్టి చూశాను. కొలతలు సరిగా లేవు.

1991 నాటి అరివేణి కుండలు అయిదు దొరికాయి. ఆవంలో పొగ కమ్మి ఒకవైపు నల్లమచ్చ పడిందని పెళ్ళివాళ్ళు వద్దన్నారు. పెళ్ళికి మచ్చ ఎందుకనుకోవడం వాళ్ళ తప్పు కాదు. అప్పుడు సిగ్గుతో మచ్చ గోడవైపు తిప్పి పెట్టాను. ఇప్పుడు చూస్తే ఆ అయిదు కుండలూ ఒకదానికొకటి తేడా లేకుండా ఉన్నాయి. మెడ మలుపు దగ్గర నా చెయ్యి ఎక్కడా తడబడలేదు. అంత బాగా చేసేవాణ్ణని నాకు గుర్తులేదు.

అన్నిటికంటే పాతది 1987 నాటి కడవ. అడుగున మేకుతో సంవత్సరం గీసి ఉంది. మూతికి చిన్న పెచ్చు ఊడింది, అందుకే అమ్మలేదు. ఎత్తగానే చెయ్యి పైకి లేచిపోయింది, అంత తేలిక. అదే కొలతలో 2012లో చేసిన కడవ పక్కనే ఉంది. కిరాణాకొట్టు కాటా మీద రెండూ తూచాను. పాతది 2 కిలోల 300 గ్రాములు. కొత్తది 3 కిలోల 600.

మా పనిలో కుండను సారె మీంచి తీసేటప్పటికి దానికి అడుగు ఉండదు. కాస్త ఆరనిచ్చి, లోపల రాయి పట్టి, బయట చెక్కతో కొడుతూ అడుగు మూస్తాం. అలా కొట్టేకొద్దీ గోడ పల్చబడి గట్టిపడుతుంది. ఒక కుండకు మూడునాలుగు విడతలు కొట్టాలి. 1987 కడవ లోపల చెయ్యి పెట్టి తడిమితే రాయి దిగిన గుంటలు వేలికి తగిలాయి, చేపపొలుసుల్లా ఒకదాని పక్కన ఒకటి. 2012 దాంట్లో ఏమీ లేవు. 1995 ప్రాంతంలో కొట్టడం మానేశాను. సారె మీదే అడుగుతో సహా మందంగా లాగి తీసేవాణ్ణి. రోజుకు పది కుండలు ఎక్కువ వచ్చేవి. ఎవరూ అడగలేదు.

ఫ్రిజ్ వచ్చి కుమ్మరి పొట్ట కొట్టిందని నేను ఎందరికో చెప్పాను. అది నిజమే. కానీ మందపాటి కుండలో నీళ్ళు సరిగా చల్లబడవు. కొన్నవాళ్ళు మరుసటేడు మళ్ళీ రాకపోవడానికి ఫ్రిజ్ ఒక్కటే కారణం కాదు. ఆ కడవ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అబ్బాయి వచ్చి "ఏంటి నాన్నా" అన్నాడు. బరువులు చెప్పాను. వాడికి అర్థమైంది, ఏమీ అనలేదు.

చెక్క కొట్టుకుపోయింది. రాయి మాత్రం సారె కింద బురదలో దొరికింది. పిడికిలంత ఉంటుంది, పుట్టగొడుగు ఆకారం. ఉప్పెన తర్వాత మా నాన్న దివి నుంచి బెజవాడ వచ్చేటప్పుడు పంచె కొంగున కట్టుకొచ్చింది అదొక్కటే. దాన్ని దాదాపు ముప్పై ఏళ్ళు తలుపుకు అడ్డం పెట్టడానికి వాడాను.

కింది అంతస్తు ఇళ్ళకు ప్రభుత్వం ఇచ్చిన 25,000 వచ్చాయి. మోటారు బాగు చేయించడానికి కొన్ని, ట్రాక్టరు బాకీకి కొన్ని పోయాయి. ట్రాక్టరాయన సగమే తీసుకుని మిగతాది సంక్రాంతికి ఇమ్మన్నాడు. దీపావళికి ప్రమిదలు చేశాను, అవి అమ్ముడుపోయాయి. కుప్పలోంచి ఏవీ అమ్మలేదు. అయిదు అరివేణి కుండలు ఇంట్లోకి తెచ్చాను. మా ఆవిడ మచ్చ కనపడేలా తిప్పి పెట్టింది.

ఎదురింటి కూజా నవంబరులో అడిగి తెచ్చుకున్నాను. మెడ దగ్గర రెండు గీతలున్నాయి. దువ్వెన ముక్కతో నేను వేసే గీతలే. 1998లో కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు కొన్నానని, అయిదు రూపాయలు బేరమాడానని ఆ అమ్మాయి చెప్పింది. దాన్ని చూసి, ఈసారి చెక్కతో కొట్టి కొత్తది చేద్దామనుకున్నాను. తుమ్మచెక్క చెక్కించుకున్నాను. రాయి లోపల పట్టుకుంటే మణికట్టు నొప్పి పుట్టింది. మొదటి మూడూ కొడుతుండగానే చిరిగాయి. నాలుగోది నిలబడింది. కాల్చి తీసుకెళ్ళి ఇచ్చాను. తిప్పి తిప్పి చూసి, బాగుంది బాబాయ్, కానీ నాకు పాతదే కావాలి అంది.

కొత్తది మా ఇంట్లో ఉంది. వానపడే రాత్రుళ్ళు నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు, లేచి వీధిలోకి టార్చి వేసి చూస్తాను. వెనక్కి వచ్చేసరికి మా ఆవిడ కూడా లేచి ఉంటుంది. కరెంటు పోతే ఇన్సులిన్ సీసాకు దారం కట్టి ఆ కూజాలోకి దించుతుంది. పక్కన చక్కెర డబ్బా పెడుతుంది.